మస్కీ వచ్చినా చెప్పని మనిషి

ఆర్లిస్ టోలెఫ్సన్ ఇద్దరి వాటా మాటలు ఒక్కతే మాట్లాడేది. ఒక వాటా తనది, రెండోది మొగుడిది. మొగుడు వెర్లిన్, విస్కాన్సిన్ ఉత్తరపు అడవుల్లో చలికాలమంతా ఊరి రోడ్ల మీద మంచు తోసే లారీ నడిపిన మనిషి. ఆ లారీలో ఒంటరిగా కూర్చుని కూర్చుని మాటలు మర్చిపోయాడని ఆమె ఫిర్యాదు. పెళ్ళినాడు పాస్టరు రెండోసారి అడిగితే గానీ "ఊఁ" అనలేదట. తను వంట చేసే హైవే పక్క సప్పర్ క్లబ్బు హోటలు వంటింట్లో, శుక్రవారం చేపల వేపుడు మూకుడు ముందు నిలబడి ఆమె ఈ కథ ఎన్నిసార్లు చెప్పిందంటే, గిన్నెలు కడిగేవాళ్ళకి కూడా కంఠతా వచ్చేసింది.

ఇద్దరికీ సమానంగా ఇష్టమైంది ఒక్కటే, పడవ. ఆగస్టు చివర ఎండల ఉడుకు తగ్గి, నీళ్ళలో మాత్రం ఇంకా గోరువెచ్చదనం మిగిలి ఉన్న రోజుల్లో, సాయంత్రం గాలి పడిపోయే వేళకి కోల్డ్ స్పూన్ సరస్సు మీదకి వెళ్ళేవాళ్ళు. మస్కీ చేప కోసం. మనిషి కాలంత పొడవు, నోటి నిండా సూదులు, ఒళ్ళంతా పొగరు, అదీ మస్కీ అంటే. ఆ వేళప్పుడు అది పైకి చూస్తుంది కనక నీటి మీద తేలే కొయ్య ఎర కావాలి. తోక దగ్గరి రేకు గిర్రున తిరుగుతూ, ఎవరో పుక్కిలిస్తున్నట్టు గుబుక్, గుబుక్, గుబుక్ అంటూ ఆ ఎర నడిచొస్తుంది. నాచు అంచు వెంట విసరాలి. ఒకే వేగంతో దారం చుట్టాలి, మధ్యలో తడబడకూడదు. పడవ పక్కకి వచ్చాక కూడా వెంటనే తీసెయ్యకుండా గాలపు కర్ర మొనతో నీళ్ళలో ఎనిమిది అంకె గీయాలి. ఊరికే వెంటబడి వచ్చిన చేప అక్కడైనా మనసు మార్చుకుంటుందేమోనని ఆశ.

ఇవన్నీ ఆర్లిస్‌కి కొట్టిన పిండి. రానిది ఆగడం. చేప నీళ్ళు బద్దలు కొట్టుకుని ఎర మీద పడ్డ క్షణాన లాగకూడదు. బరువు చేతికి తెలిశాకే లాగాలి. కానీ ఆమె కళ్ళు చూడటం, చేతులు లాగెయ్యడం ఒకేసారి జరిగిపోయేవి. ఎర గాల్లోకి ఎగిరి ఒళ్ళో పడేది, చేప తన దారిన తను పోయేది. వెర్లిన్ దేనికీ కంగారుపడడు కాబట్టి అతనికి పడేవి. ఆమెకి పెళ్ళైనప్పటినుంచీ ఒక్కటీ పడలేదు, ఆ ఉక్రోషం లోపల ఉండనే ఉంది.

రెండేళ్ళ కిందట ఆమె చూపు నడిమి భాగం చెరిగిపోవడం మొదలైంది. అంచులు ఉన్నాయి, మధ్యలో బూడిదరంగు మసక. "చూడాలనుకున్నది తప్ప అన్నీ కనబడతాయి" అని నవ్వేది. ఈ ఆగస్టులో కంటి డాక్టరు మాత్రం నవ్వలేదు. వచ్చే వేసవికి ఈ అంచులు కూడా ఉంటాయో లేదో చెప్పలేనన్నాడు. ఆ రోజు కారులో ఇంటికొస్తూ ఆమె చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. వెర్లిన్ భయపడిపోయి రోడ్డు వదిలి ఆమె వైపే చూశాడు.

"ఒక్క మస్కీ, వెర్లిన్" అంది చివరికి. "ఈ లోపల ఒక్కదాన్ని పట్టి, దాని మొహంలో మొహం పెట్టి చూడాలి. ఫొటోలో కాదు. ఇంక నాకేం అక్కర్లేదు."

"ఊఁ."

"ఊఁ కాదు. ఇకనుంచి నా కళ్ళు నువ్వే. ఎర వెనకాల నీళ్ళు ఉబ్బితే చెప్పు. నోరు తెరిస్తే ముత్యాలేం రాలిపోవు."

పాపం, చెప్పాడు. ఆ వారమే ఒక సాయంత్రం ఎర వెనక నీళ్ళు గీతలా ఉబ్బడం చూసి "అదిగో!" అని అరిచాడు. వాడకం లేని గొంతు తుపాకీ పేలినట్టు పేలింది. ఆర్లిస్ అదిరిపడి లాగింది. ఎర వచ్చి అతని టోపీకి తగులుకుంది.

"సైజు చాల్లేదు" అంది ఆమె, చేపని కొలిచినట్టు అతని టోపీని తడిమి చూసి. "వదిలెయ్యాల్సిందే."

నవ్వుకున్నారు గానీ, మర్నాడూ అంతే జరిగింది, ఆ పైవారమూ అంతే. ఆ తర్వాత నవ్వు రాలేదు. సెప్టెంబరు వచ్చేసింది. నీళ్ళు చల్లబడ్డాయంటే మస్కీలు లోతుకి దిగిపోతాయి, కొయ్య ఎరలు పెట్టెలోకి వెళ్ళిపోతాయి.

వేసవి మళ్ళీ ఏదో మర్చిపోయి వెనక్కి వచ్చినట్టు, ఒక సాయంత్రం వెచ్చగా మబ్బుపట్టింది. గాలి లేదు. ఆర్లిస్ చూపుకి నీళ్ళకీ ఆకాశానికీ మధ్య అతుకు లేదు. పడవ ఎక్కడా ఆనకుండా ఉన్నట్టుంది. కంటి చివర్లలో బిర్చ్ చెట్లు తెల్లగా కదిలేవి, అటు తిరిగితే పోయేవి. దూరంగా ఒక లూన్ పక్షి కూసింది, ఆ కూత సరస్సు చుట్టూ తిరిగి తిరిగి ఎక్కడో నిద్రపోయింది. అవతలి ఒడ్డున గూడు కట్టుకున్న బీవరు జంతువు మాత్రం పడవ గిట్టక తోకతో నీళ్ళని ఫెడీమని చరిచింది.

"పోవే, నీ సరస్సేం ఎత్తుకుపోం" అని దాన్ని తిట్టింది.

విసిరింది. గుబుక్, గుబుక్. ఆ చప్పుడు వింటూ ఉంటే తనకి కళ్ళతో పనేముందనిపించింది. ఎర ఎంత దూరంలో ఉందో, నాచు అంచు ఎక్కడ దాటిందో అన్నీ చెవికే తెలుస్తున్నాయి. మళ్ళీ విసిరింది. సగం దూరం వచ్చేసరికి నీళ్ళు ఫెడేలుమని విరిగాయి.

వెర్లిన్ నుంచి ఉలుకూ లేదు, పలుకూ లేదు.

మళ్ళీ ఆ బీవరే కాబోలు అనుకుని ఆర్లిస్ చుడుతూనే ఉంది. గుబుక్ చప్పుడు మాత్రం ఆగిపోయింది. ఎందుకాగిందబ్బా అనుకునేలోపు, పడవనే ఎవరో పక్కకి జరుపుతున్నంత బరువు చేతికి దిగింది.

"వెర్లిన్! ఇది బీవరు కాదు!"

"కాదు. లాగు."

లాగింది. ఆ తర్వాత దారం చుట్టిన రీలు గీపెట్టడం, చేప పడవ కిందకి దూరడం, అతను ఆమె నడుం పట్టుకుని నిలబెట్టడం, అంతా కలగాపులగం. ఎప్పటికో పెద్ద వలలో నీళ్ళు తన్నుతున్న చప్పుడు వినబడింది.

"వస్తుంటే చూశావా?" అంది ఆయాసపడుతూ.

"చూశా."

"మరి చెప్పలేదేం?"

"చెప్తే లాగేస్తావుగా."

ఆమె పకపకా నవ్వి, పడవ అంచు మీదకి వంగింది. నవ్వు సగంలోనే ఆగిపోయింది. ఎటు వంగినా ఆ బూడిదరంగు మసక ముందే వెళ్ళి చేప మీద కూర్చుంటోంది. పక్కకి చూస్తే ఏదో పొడుగాటి చీకటి కదిలింది, మళ్ళీ తిరిగేసరికి లేదు. గోరువెచ్చటి నీళ్ళలో అలసిన చేపని ఎంతోసేపు ఉంచకూడదు.

"కనబడటం లేదు, వెర్లిన్" అంది. "ఇంత దగ్గరకొచ్చి కూడా కనబడటం లేదు. వదిలెయ్. చచ్చిపోతుంది."

అతను వదల్లేదు. పొడుగాటి పట్టకారుతో కొక్కెం ఊడదీసి, ఆమె చెయ్యి పట్టుకుని నీళ్ళలోకి దించి, జారే ఆ వీపు మీద పెట్టాడు. గొంతు సవరించుకున్నాడు.

"వీపు... నువ్వు తోమకముందు మన రాగి గిన్నె ఉంటుందే, ఆ రంగు" అన్నాడు. "పక్కకి వచ్చేసరికి లేత ఆకుపచ్చ. దాని మీద నిలువు చారలు. తెల్లారగట్ల లారీ లైటు వేస్తే మంచు మీద చెట్ల నీడలు పడతాయి చూడు, అట్లా. ఇదిగో, ఇది రెక్క. ఎరుపు. నీ చెర్రీపళ్ళ పాకం పొంగి కారినప్పటి ఎరుపు. కింది దవడ ముందుకొచ్చింది, మీ అక్కయ్యకి కోపమొచ్చినట్టుంది. కన్ను బంగారం రంగు, ఆర్లిస్. నిన్నే చూస్తోంది."

అతని నోటి నుంచి ఇన్ని మాటలు ఒక్కసారిగా ఆమె ఎన్నడూ వినలేదు. చెయ్యి కింద వీపు ఒకసారి గట్టిపడింది, మొప్ప ఆడింది, నీళ్ళు మొహాన చిమ్మి చేప వెళ్ళిపోయింది. ఆమె ఏడ్చింది. సంతోషానికే ఏడ్చింది.

కొంతసేపటికి తెడ్లు నీళ్ళలో పడిన చప్పుడు వినబడింది. ఇంటికి సరస్సు ఈ కొస నుంచి ఆ కొసకి వెళ్ళాలి, అతనికా మోకాళ్ళ నొప్పులు.

"మోటారు వెయ్యవేం?" అంది.

"వేస్తే నా మాట నీకు వినబడదు" అన్నాడు వెర్లిన్. "ఎడమ పక్కన బిర్చ్ చెట్లు. ఒకదానికి అప్పుడే ఆకులు పసుపు తిరిగాయి."