బళ్ళు లేని బజారు

తెల్లవారుజామున మా బజారు వీధి ఎవరిదీ కానట్టు ఉంటుంది. మేడమీద వరండాలో కాఫీ గ్లాసు పట్టుకుని నిలబడితే, కాలవ వైపు నుంచి మంచు మెల్లగా వీధిలోకి వస్తుంది. మూసి ఉన్న షట్టర్ల ముందు కాసేపు ఆగి, ఎండ తగలగానే కనబడకుండా పోతుంది. పాల సైకిలు బెల్లు ఆ చివర మోగితే ఈ చివరికి వినబడుతుంది. పెళ్ళయి ఈ ఇంటికి వచ్చిన నాటి నుంచీ రోజంతటిలో నాకు సొంతమనిపించే సమయం అదొక్కటే.

ఆ తర్వాత కొబ్బరికాయల లారీ ఒకటి వచ్చి మలుపులో ఇరుక్కుంటుంది. దాని వెనక ఆటోలు, ఆటోల వెనక కార్లు, అందరి చేతులూ హారన్ మీదే. రాత్రి షట్టర్లు దించేదాకా ఇక అంతే సంగతులు. హారన్ కొడితే ముందున్న లారీ గాల్లోకి లేచిపోతుందని వీళ్ళకి ఎవరు చెప్పారో గానీ, ఆ చెప్పినవాళ్ళు కనబడితే నాలుగు దులిపేద్దామని చాలా ఏళ్ళుగా చూస్తున్నాను.

అందుకే మున్సిపాలిటీ వాళ్ళు మా గోడకి నోటీసు అంటించిన రోజు నేను పండగ చేసుకున్నాను. షాపులు తెరిచినప్పటి నుంచి మూసేదాకా బజారు వీధిలోకి ఏ బండీ రాకూడదని ఆలోచనట. మోటారుసైకిళ్ళు, కార్లు, ఆటోలు అన్నీ కాలవగట్టు మీదే ఆపి నడిచి రావాలి. లారీలు తెల్లవారకముందే సరుకు దింపి వెళ్ళిపోవాలి. ముందు ఒక ఆదివారం అలా చేసి చూస్తారట. తర్వాత సభ పెట్టి, జనం అభ్యంతరాలూ సలహాలూ విని, అప్పుడు నిర్ణయిస్తారట.

ఇక నా ఊహలకి పట్టపగ్గాలు లేవు. మిట్టమధ్యాహ్నం కూడా వీధి తెల్లవారుజాములాగే ఉంటుందని, బట్టలకొట్లో కత్తెర చప్పుడు మా వంటింట్లోకి వినబడుతుందని, వాన పడితే చినుకులు రోడ్డు మీద పడే చప్పుడు వినవచ్చని అనుకుంటూ గంటలు గడిపాను. వీధి మధ్యలో కుర్చీ వేసుకుని కూర్చుని జడ వేసుకున్నట్టు కల కూడా వచ్చింది. "తమరు కాస్త కిందికి దిగి వస్తే, పొయ్యి మీద పాలు పొంగుతున్నాయండి," అని మా ఆయన వేళాకోళం చేశారు.

మా వదినకి మాత్రం నోటీసు చదివాక పెద్దగా ఉత్సాహం కనబడలేదు. వదినంటే మా ఆయన అక్కగారు. మా ఇంటి కింద, వీధి వైపు గదిలో ఆవిడకి మ్యాచింగ్ సెంటరు ఉంది. జాకెట్టు ముక్కలు, లైనింగులు, ఫాల్సులు అమ్ముతారు. పెళ్ళి చేసుకోలేదు. కాలవ లాకుల దగ్గర చిన్న ఇంట్లో ఒక్కరే ఉంటారు. ఆ షాపే ఆవిడకి తిండి పెడుతుంది, ఊళ్ళో నలుగురూ పేరు పెట్టి పలకరించేలా చేస్తుంది.

చిన్నప్పుడు పోలియో వచ్చి ఆవిడ ఎడమకాలు సన్నబడిపోయింది. చీర కుచ్చిళ్ళ కింద ఇనప కడ్డీల బూటు ఉంటుంది. రోజూ ఆటో సరిగ్గా షాపు మెట్టు దగ్గరికి వచ్చి ఆగుతుంది, ఆవిడ తలుపు పట్టుకుని దిగి లోపలికి వెళ్ళిపోతారు. ఆటో ఎందుకెక్కారో చెప్పడానికి ఆవిడ దగ్గర ఎప్పుడూ ఒక కారణం సిద్ధంగా ఉంటుంది. వేసవిలో "ఎండమ్మా", శీతాకాలంలో "మంచు కదమ్మా", రెండూ లేనప్పుడు "ఆలస్యమైపోయిందమ్మా". కాలి సంగతి ఆవిడ ఎత్తరు కాబట్టి మేమూ ఎత్తం. మా మేడమెట్లు ఎక్కి ఆవిడ పైకి వచ్చి చాలా ఏళ్ళయింది, ఆ మాటా ఎవరమూ అనుకోం.

"నీ కోరిక తీరిందిగా మరదలా," అన్నారు నోటీసు చూసి.

"మరి మీరెలా వస్తారు వదినా?" అన్నాను. నిజం చెప్పాలంటే ఆ ప్రశ్న నాకు అప్పుడే తట్టింది.

"అందరూ ఎలా వస్తే అలాగే," అని ఆవిడ జాకెట్టు ముక్కలు మడతపెట్టుకోసాగారు.

ఆదివారం వచ్చింది. కాలవగట్టు దగ్గర తాళ్ళు కట్టేశారు. నేను వరండాలోకి వచ్చి నిలబడ్డాను. అబ్బ, ఎంత బాగుందో ఆ వీధి! నేను ఊహించినదాని కంటే బాగుంది. ఆడవాళ్ళు వీధికి అడ్డంగా, తాపీగా, కబుర్లు చెప్పుకుంటూ నడుస్తున్నారు. కిరాణా కొట్టాయన మెట్టు మీద కూర్చుని పేపరు చదువుకుంటున్నారు. ఎవరో అరటిపండు తొక్క తీస్తూ వీధి మధ్యలో ఆగి ఆకాశం చూస్తున్నారు. ఎండ కూడా ఆ రోజు మెత్తగా ఉంది. నాకు ఒళ్ళు గాల్లో తేలిపోయినట్టయింది.

అప్పుడు ఒక చప్పుడు వినబడింది. ఇనుము రోడ్డుకి తగిలి, ఆగి, మళ్ళీ తగులుతున్న చప్పుడు. ముందు ఎవరో గునపం ఈడ్చుకొస్తున్నారనుకున్నాను. పేపరు చదివేవాళ్ళు తలెత్తారు. కబుర్లు చెప్పుకునేవాళ్ళు వెనక్కి తిరిగారు. వీధి మొదట్లో మా వదిన, ఒక చేత్తో కొట్ల గోడలు పట్టుకుంటూ వస్తున్నారు. ఇన్నేళ్ళుగా ఆ బూటుకి చప్పుడు ఉంటుందని నాకు తెలియదు. హారన్లలో అది ఎవరికీ వినబడలేదు.

"కాసేపు కూర్చోండి అక్కగారూ," అని ఒక కొట్టువాళ్ళు స్టూలు బయటికి తెచ్చారు. "పర్లేదండి," అన్నారు వదిన. పక్క కొట్టువాళ్ళు తెచ్చారు. "పర్లేదండి." నేను పరుగున మెట్లు దిగి ఎదురెళ్ళబోతే, రావద్దని దూరం నుంచే కళ్ళతో చెప్పారు. నేను ఆగిపోయాను. నాకిష్టమైన ఆ నిశ్శబ్దం మీద నాకు ఆ క్షణంలో మహా కోపం వచ్చింది.

షాపులోకి వచ్చి కూర్చున్నాక ఆవిడ చెంగుతో మొహం తుడుచుకున్నారు. తర్వాత మెల్లగా, "ఊరంతా విన్నారే మరదలా," అన్నారు.

ఆ వారమంతా షాపు తెరవలేదు. ఫోన్ చేస్తే జలుబన్నారు. నేను మున్సిపాలిటీకి అభ్యంతరం రాస్తానంటే ఆవిడకి కోపం వచ్చింది. "నా కాలి మాట ఎక్కడైనా ఎత్తావంటే నీతో మాట్లాడను. షాపు ఎవరికైనా ఇచ్చేద్దాంలే, ఏమైపోతుంది?" అన్నారు. ఏమైపోతుందో ఇద్దరికీ తెలుసు. నేను కాగితం పక్కన పెట్టేశాను.

సభ కల్యాణమండపంలో పెట్టారు. వర్తకులంతా రావాలని కబురొచ్చింది కాబట్టి వదినా వచ్చారు, నా పక్కనే కూర్చున్నారు. మున్సిపాలిటీ అధికారి రాయలసీమ నుంచి ఈమధ్యే బదిలీ మీద వచ్చినాయన, మర్యాదస్తుడు. ఒక్కొక్క షరతూ చదివి, "లారీలు తెల్లవారేలోపే రావాలి. సరేనా?" అనేవారు.

"ఆయ్," అనేది హాలంతా.

"ఆటోలతో సహా ఏ బండీ వీధిలోకి రాదు. సరేనా?"

"ఆయ్."

మా వైపు ఆయ్ అంటే ఏంటో ఆయనకి ఎవరూ చెప్పలేదు పాపం. అది సరే అనడం కాదు. తమరు చెబుతున్నారు, మేం వింటున్నాం అనడం. మా మామగారు అప్పు అడగడానికి వచ్చినవాళ్ళతో గంటసేపు ఆయ్ ఆయ్ అని, చివర్న "కుదరదండి" అని పంపించేసేవారు. వచ్చినవాళ్ళూ ఏమీ అనుకునేవారు కాదు. ఇక్కడ ఆ చివరి మాట అనేలోపే అధికారిగారు రెండు చేతులూ జోడించేశారు.

"చాలా సంతోషం. ఒక్కరికీ అభ్యంతరం లేదు. ఇలాంటి ఊరు నేనెక్కడా చూడలేదు," అన్నారు. పక్కన గుమాస్తా, సభ ఆమోదించింది అని పైకి చదువుతూ రాసుకుంటున్నాడు.

హాలు బిత్తరపోయింది. "అదేంటండీ, మనమెప్పుడు ఒప్పుకున్నాం?" అని ఒకరినొకరు గుసగుసగా అడుగుతున్నారే తప్ప, పరాయి ఊరి నుంచి వచ్చిన పెద్దమనిషి మొహం మీద కాదనడానికి ఒక్కరికీ నోరు రాలేదు. మా మర్యాద తగలెయ్య! నాకు ఒళ్ళు మండిపోయింది, లేవబోయాను. వదిన చెయ్యి నా భుజం మీద పడి బలంగా కిందికి నొక్కింది.

నన్ను ఆపుతున్నారనుకున్నాను. కాదు, నా భుజం ఊతంగా ఆవిడే లేస్తున్నారు.

"నాకు అభ్యంతరం ఉందండి," అన్నారు.

అందరూ వెనక్కి తిరిగారు. "చెప్పండమ్మా," అన్నారు అధికారి, కలం తీసుకుంటూ.

వదిన నా భుజం పట్టుకునే నిటారుగా నిలబడ్డారు. ఎండ అంటారో, మంచు అంటారో, ఆలస్యమవుతుందంటారో, ఏదో ఒకటి అని కూర్చుంటారని నేను తల దించుకున్నాను.

"నేను నడవలేనండి," అన్నారు. "ఆటో రానివ్వకపోతే నా షాపుకి నేను రాలేనండి."

మా ఇంట్లో అందరికీ తెలిసిన మాటే. ఆవిడ నోటి నుంచి నేను వినడం అదే మొదటిసారి. హాల్లో ఒక్కరు కూడా ఆయ్ అనలేదు. అధికారి, గుమాస్తా చేతిలోని కాగితం తీసుకుని, రాసింది కొట్టేసి, ఆవిడ చెప్పింది చెప్పినట్టు తనే రాసుకున్నారు. నాకు ఏడుపు ఆగలేదు. వదిన మాత్రం ఆయన రాయడం పూర్తయ్యేదాకా అలా నిలబడే ఉన్నారు.