పసుపునీళ్ళకు చెడని ఫోను

మొన్న నా ఫోను అద్దం పగిలితే మార్పించుకుందామని తెనాలి బజారులో ఒక ఫోన్ల దుకాణానికి వెళ్ళాను. ఆ పూటే ఏదో కొత్త ఫోను విడుదలట, మెట్ల దాకా జనం. ధర చెప్పగానే ఒక్కొక్కరి ముఖం ఒక్కో తీరుగా మారడం చూస్తూ, ఖాళీ కుర్చీ దొరికితే కూర్చుండిపోయాను. కొల్లిపర వైపు రైతులా ఉన్న ఒక పెద్దమనిషి, "ఇంత రేటేంటయ్యా, దీంతో పాడిగేదె వస్తది కదా!" అన్నాడు. అమ్మే మనిషి తడుముకోకుండా, "గేదె ఫొటోలు తియ్యదు కదండీ బాబాయిగారూ," అన్నాడు. అందరూ నవ్వారు. ఆ పెద్దమనిషీ నవ్వాడు, నవ్వుతూనే నెలవారీ వాయిదాల కాగితం మీద సంతకం పెట్టాడు. పక్కనున్న ఒకావిడ మాత్రం ఊరుకోలేదు, పాతదానికీ దీనికీ అంత తేడా ఏముందని నిలదీసింది. "ఇది నీళ్ళల్లో పడ్డా ఏం కాదండి," అని జవాబు.

అంతలో పూజారిగారు వచ్చారు. మొదటి ఫోనును పళ్ళెంలో పెట్టించి, మామిడాకుతో పసుపునీళ్ళు చల్లారు. మామూలుగా అయితే నేనక్కడే వాదన పెట్టుకుని ఉండేదాన్ని, శాస్త్రం కనిపెట్టిన వస్తువుకు ఈ శుద్ధి ఎందుకని అడగకుండా బయటికి వచ్చేదాన్ని కాదు. ఆ రోజు మాత్రం పచ్చగా తడిసిన ఆ పళ్ళెం మీంచి చూపు తిప్పుకోలేకపోయాను.

నా ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, మన ఉద్యోగాల తొలిరోజుల్లో ట్రాన్సిస్టరు రేడియో ఒక్క జీతానికి అందే వస్తువు కాదు. రేపల్లె బళ్ళో నాకు పని దొరికిన కొత్తలో మేం ముగ్గురం టీచర్లం కలిసి ఒకటి కొన్నాం. ఒకరు లెక్కల మేష్టారు, ఒకరు నాకంటే అయిదారేళ్ళు పెద్దదైన బాపట్ల టీచరు, నేను అక్కా అని పిలిచేదాన్ని, మూడోదాన్ని నేను. వారానికొకరి ఇంట్లో ఉండాలి, ఆదివారం ఇల్లు మారాలి. మేష్టారి ఇంటి నుంచి మా ఇంటికి, మా ఇంటి నుంచి అక్క ఇంటికి, మళ్ళీ మేష్టారి ఇంటికి, అదీ వరస. ఆ వరసలో ఒక మతలబు ఉందని నాకప్పుడు తట్టలేదు. మా నాయనమ్మకు మాత్రం బాగా తెలుసు.

అక్కవాళ్ళు లూథరన్ క్రైస్తవులు. వాళ్ళమ్మ బాపట్ల చుట్టుపక్కల చేలల్లో నాట్లు వేసి, కుప్పలు నూర్చి, కూతురిని టీచరు ట్రైనింగు చదివించింది. జీవితమంతా చేలగట్ల మీద ఆమెను "ఒసేయ్" అనే పిలిచారు, కూతురు టీచరయ్యాక కూడా "దాని కూతురు" అనే అన్నారు. అక్క గొంతు చాలా బాగుండేది. ప్రార్థనల్లో పాడి పాడి సానబట్టిన ఆ గొంతుకు బెజవాడ రేడియోలో లలితగీతం పాడే అవకాశం వచ్చింది. వెళ్ళి పాడి వచ్చింది, ఫలానా గురువారం సాయంత్రం వేస్తామని వాళ్ళు చెప్పారు. అప్పటికే వాళ్ళమ్మ మంచం దిగలేని స్థితిలో రేపల్లెలో కూతురి దగ్గరే ఉంది. నేను చూడబోతే ఆమె పాట సంగతి ఎత్తలేదు. "పాటదేముందమ్మా, రోజూ వింటానే ఉన్నా. రేడియోలో పాడినోళ్ళ పేరు చెప్తారంట గదా, నా బిడ్డ పేరు ఎట్టా చెప్తారో అది వినాలి," అంది. ఆమె బతుకులో ఇక మిగిలిన కోరిక అదొక్కటే.

ఆ వారం మేష్టారు పెళ్ళికని ఊరెళ్ళారు. వరస తప్పి, రేడియో అక్క ఇంటి నుంచి నేరుగా మా ఇంటికి వచ్చింది. ఉంచుకోమని నేనంటే అక్క వినలేదు, వంతు వంతేనంది, గురువారం సాయంత్రం మాత్రం తెచ్చి వాళ్ళమ్మ తలగడ దగ్గర పెట్టమంది. ఆదివారం చర్చిలో ప్రార్థన కాగానే చీరకొంగులో చుట్టుకుని తనే తెచ్చి ఇచ్చింది. నేను ఆమెను వీధి మలుపు దాకా సాగనంపి వచ్చేసరికి, రేడియో పీట మీద వెల్లకిలా ఉంది, దాని చిల్లుల్లోంచి పసుపునీళ్ళు కారుతున్నాయి.

నాయనమ్మ చెడ్డమనిషి కాదు, ఆ మాట ఈ రోజుకీ అంటాను. నాకు వండిపెట్టడానికి తెనాలిలో ఇల్లూవాకిలీ వదులుకుని వచ్చిన మనిషి. అక్క పాడుతుంటే కళ్ళు తుడుచుకుంటూ వినేది. మా నాన్న తెనాలి సభల్లో కులం మీద నిప్పులు చెరిగేవాడు, ఆయన్ని కన్నతల్లి ఈమే. "ఏంటే ఆ చూపు? పైపైన చల్లితే చాలదని లోపలికి కూడా పోశా. మాట వచ్చేది లోపల్నించేగా!" అంది, ఎంతో శ్రద్ధగా పని చేసినదాని ధీమాతో. ఎందుకు పోశావని అడుగుతూ, ఏడుస్తూనే విప్పాను, తుడిచాను, ఎండబెట్టాను. పలకలేదు. సోమవారం రైల్లో తెనాలి తీసుకెళితే, బాగుచేసే ఆయన వారం పడుతుందన్నాడు.

ఆ సాయంత్రమే అక్కకు ఉన్నదున్నట్టు చెప్పాను. అబద్ధం చెబితే నీళ్ళు చల్లిన చేతికి వంతపాడినట్టేనని నాకనిపించింది. అక్క మెల్లగా, "నేనొచ్చి వెళ్ళాక మీ గడప కడుగుతారని నాకు తెలుసమ్మాయ్. గడపకి నోరు లేదు, చెప్పలేదు. రేడియో నోరు మూసుకుని చెప్పింది, అంతే," అంది. సభల్లో విన్న ఉపన్యాసాలన్నీ ఆ ఒక్క మాట ముందు వెలవెలబోయాయి.

మాకు తెలిసిన రేడియో మరొకటి బియ్యం మిల్లు యజమాని ఇంట్లో ఉండేది. అడిగితే, అది ఏరియల్ తీగతో గోడకు బిగించి ఉందనీ, కదపడం కుదరదనీ, కావాలంటే వచ్చి వినమనీ మర్యాదగానే చెప్పారు. మంచం దిగలేని మనిషిని మిల్లు వీధికి ఎలా తీసుకెళ్ళడం? తల్లిని వదిలి అక్క రాలేదు. గురువారం నేనే వెళ్ళి వాళ్ళ వరండాలో నిలబడ్డాను. కిటికీలోంచి వినిపించింది. అనౌన్సరు అక్క పేరుకు ముందు "కుమారి" అని, ఒక్కొక్క అక్షరం విడివిడిగా, ఎంతో గౌరవంగా పలికి, లలితగీతం గానం చేస్తారని చెప్పారు. తర్వాత అక్క గొంతు. పాట పూర్తయ్యే దాకా ఉండలేక, ఆ పిలుపు చెవుల్లోంచి జారిపోతుందేమోనన్న భయంతో, దారంతా దాన్నే వల్లిస్తూ పరిగెత్తాను.

మంచం పక్కన అక్క అదే పాట పాడుతోంది. తల్లి కళ్ళు మాత్రం గుమ్మం మీద ఉన్నాయి. నేను ఊపిరి తీసుకుని, రేడియోలో ఆయన పలికినట్టే పలికాను.

"అట్టానే అన్నారా? ముందు కుమారి అన్నారా?"

"అన్నారు పెద్దమ్మా. కుమారి అనే అన్నారు."

"ఇంకోసారి చెప్పమ్మా."

చెప్పాను. ఇంకోసారి అడిగింది, ఇంకోసారి చెప్పాను. అడిగినప్పుడల్లా చెప్పాను. ఎన్నిసార్లు చెప్పినా అది నా గొంతే. ఊరంతా వినే గొంతు కాదు, చేలగట్ల మీదివాళ్ళు వినక తప్పని గొంతు కాదు. ఆ తేడా ఆమెకూ తెలుసు, నా మనసు నొచ్చుకోకూడదని నవ్విందంతే. ఆ పాట మళ్ళీ వేస్తామని రేడియోవాళ్ళు జాబు రాసేసరికి ఆమె లేదు.

రేడియో బాగయ్యి వచ్చింది గానీ, వంతులు మళ్ళీ సాగలేదు. అక్క బాపట్లకు బదిలీ చేయించుకుంది. వెళ్ళేముందు మా గడప బయటే నిలబడి వీడ్కోలు చెప్పింది, లోపలికి రమ్మని నేనెంత లాగినా రాలేదు. లోపల నుంచి నాయనమ్మ, "ఒక పాట పాడి వెళ్ళరాదుటే," అంది. అక్క ఆమెకేసి చూసి, గొంతు బాగాలేదండి అంది.

ఇదంతా తలుచుకుంటూ దుకాణంలో ఎంతసేపు కూర్చున్నానో, అద్దం మార్చిన ఫోను తెచ్చి చేతిలో పెట్టేదాకా తెలియలేదు. పూజ అయిన కొత్త ఫోనును, ఇందాక తేడా ఏముందని నిలదీసిన ఆవిడే కొంది. కొంగుతో పసుపు తుడిచి, అక్కడికక్కడే ఎవరికో ఫోను చేసి, తమ మేడ మీద వాటా ఖాళీగా ఉందని చెబుతోంది. అద్దె ఎంతో చెప్పింది, నీళ్ళకు ఇబ్బంది లేదని చెప్పింది. ఆ తర్వాత గొంతు కొంచెం తగ్గించి, "ఇంతకీ వాళ్ళు ఏమిట్లు?" అని అద్దెకొచ్చేవాళ్ళ కులం అడిగింది. మాట స్పష్టంగా, గరగర లేకుండా అవతలికి చేరింది.

ఇంత ఖరీదైన వస్తువు నీళ్ళకు చెడకపోవడం మంచిదే, కాదనను. కానీ మా రేడియో చెడింది కనుక ఆ నీళ్ళు ఎందుకు చల్లారని మా ఇంట్లో నేనొక్కదాన్నైనా అడిగాను, ఏడ్చాను. ఇప్పుడు ఎన్ని నీళ్ళు పోసినా ఏదీ చెడదు, ఏదీ మూగపోదు. అందుకే కాబోలు, ఎవరూ ఏమీ అడగరు.