నా కణాలు, అక్క చేతులు

కుదురుగా కూర్చోవడం నా జాతకంలోనే లేదు. మా అక్కకు మూలకణాలు ఇచ్చిన రోజున, హైదరాబాద్ దవాఖానలో నాలుగు గంటలు కదలకుండా పడుకోమంటే, నర్సు చేత చీవాట్లు తింటూనే ఉన్నాను. అక్కకు రక్త క్యాన్సర్. నా కణాలు ఆమె ఒంట్లో చేరి కొత్త రక్తం తయారుచేశాయి. అప్పటినుంచి ఆమెకు కోపం వచ్చినప్పుడల్లా నింద నా మీదే. "అంతా నీ రక్తమే తమ్మీ!" అనేది.

అక్కది వరంగల్ మట్టెవాడలో గాజుల దుకాణం. ఎవరి చేయైనా పట్టుకుని, వేళ్ల కణుపులు నొక్కి కొలత చెప్పేది: రెండు నాలుగు, రెండు ఆరు. ఎన్నడూ తప్పలేదు. మూలకణాల మార్పిడి జరిగిన ఏడు నెలలకు, ఒకావిడ లావుపాటి చేతికి రెండు నాలుగు గాజు ఎక్కించబోయింది. అది చిట్లి ఆవిడకు గుచ్చుకుంది. అక్క ఆ నెత్తురును చూస్తూ, అదేమిటో తెలియనట్టు నిలబడిపోయింది. ఆ రాత్రే ఆమెను హైదరాబాద్ తీసుకుపోయాను.

స్కానింగ్‌లో మెదడులో గడ్డ కనిపించింది. కణాల మార్పిడి చేసిన డాక్టరమ్మ ఓపికగా చెప్పింది. అది చాలామంది ఒంట్లో చిన్నప్పటినుంచీ పడి ఉండే వైరస్సేనట. మామూలుగా రక్షణ కణాలు దాన్ని లేవనివ్వవు. కానీ నా కణాలు అక్క శరీరాన్ని పరాయిదనుకుని తిరగబడకుండా, వాటిని మాత్రలతో అణచి ఉంచారు. ఆ సందులో వైరస్ లేచి లింఫోమా అనే క్యాన్సర్ తెచ్చిపెట్టింది.

"ఇంజెక్షన్లు మొదలుపెడదాం. అణచే మాత్ర మాత్రం ఇవాళ్టినుంచే ఆపేయండి," అంది.

ఆపేయండి అన్న మాట దగ్గరే నా చెవులు మూసుకుపోయాయి. మా నాన్నకు కూడా ఇలాగే మాత్రలన్నీ ఆపి, ఇంటికి తీసుకుపొమ్మన్నారు. మూడో రోజే పోయాడు. మా వైపు మందు ఆపారంటే చేతులెత్తేశారనే అర్థం. వరంగల్ తిరిగొచ్చాక అక్క మాత్రల డబ్బా నింపే పని నాదే. ఆ మాత్రను గుట్టుగా వేస్తూనే ఉన్నాను. పైగా ప్రాణం కాపాడుతున్నానని గర్వం కూడా!

వారం తర్వాత రక్తపరీక్షలో దొరికిపోయాను. ఆ మందు అక్క రక్తంలో ఇంకా అంతే ఉంది. డాక్టరమ్మ నన్నొక్కణ్ణే లోపలికి పిలిచి, కాగితం బల్ల మీద పెట్టి, "గడ్డతో పోరాడాల్సింది మీ కణాలేనండీ. వాటిని మీరే నిద్రపుచ్చుతున్నారు," అంది. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

ఆ రోజే మాత్ర ఆపేశాను. ఇక కాలుకాలిన పిల్లిలా తిరిగాను. కాజీపేట దాకా బండి మీద పోయి, ఎందుకొచ్చానో తెలియక, ఛాయ్ కూడా తాగకుండా వెనక్కొచ్చేవాణ్ణి. రాగానే, "అక్కా, ఇయ్యాల ఏ వారం?" అని అడిగేవాణ్ణి. తప్పు చెబితే మళ్లీ బయటికే.

మూడు వారాలకు ఆమె అరచేతులు ఎర్రబడి దురద మొదలైంది. ఫోటో పంపితే డాక్టరమ్మ, "మీ కణాలు లేచినట్టున్నాయి, ఆమె చర్మం మీద కూడా తిరగబడుతున్నాయి. ముదరకుండా చూసుకోవాలి, పూత మందు రాయండి," అంది. సంతోషపడాలో భయపడాలో తెలియక రెండూ పడ్డాను. తర్వాతి స్కాన్‌లో గడ్డ సగమైంది.

ఆ సాయంత్రం నేను పూత మందు రాస్తుంటే అక్క, "నీ కణాలు గూడ నీ లెక్కనేరా. ఒక్క తాన కుదురుగ ఉంటలేవు," అంది.

ఇక దాచలేకపోయాను.

"అక్కా, వారం దినాలు నేనే వాటిని పండవెట్టిన. డాక్టరమ్మ ఆపమన్న గోలి నేనే ఏసిన. నువ్వు పోతవని భయమైంది."

 అక్క నా చేయి లాక్కుంది. కొడుతుందేమో అనుకున్నాను. మందు అంటిన వేళ్లతో నా కణుపులు ఒక్కొక్కటే నొక్కింది.

"రెండు పది గూడ పట్టది. మొద్దు చెయ్యి," అంది. "రేపటి సంది డబ్బా నేనే నింపుకుంట."