సైరన్‌కి పుట్టే నత్తలు

నిన్న మలంచా బజారులో రంగుచేపల దుకాణం దాటుతుంటే నాచునీళ్ల వాసన తగిలింది.

చిన్నప్పుడు రైల్వేవాళ్ల ట్రాఫిక్ కాలనీలో మా కిటికీ దగ్గర గాజుతొట్టి ఉండేది. రెండు చేపలు, లెక్కకు అందనన్ని నత్తలు. సాయంత్రం నాన్నమ్మ క్యాబేజీ ఆకు వేసి, పొద్దున్నే దానికి అతుక్కున్న నత్తలతో సహా తీసేసేది. అయినా తగ్గేవి కావు. షిఫ్టు మారినప్పుడల్లా రైల్వే వర్క్‌షాపు సైరన్ మోగితే గాజు సన్నగా వణికేది. ఆ వణుకులోంచే నత్తలు పుడతాయని నా లెక్క.

"ఇంకా పెరిగితే తొట్టి ఎవరికైనా ఇచ్చేస్తాను," అన్నాడు నాన్న. చేపలు పోతాయని నాకు బెంగ. సైరన్ మోగకూడదని దండం పెట్టుకున్నాను.

ఆదివారం వర్క్‌షాపుకు సెలవు, సైరన్ మోగలేదు. వేరే వేరే షిఫ్టులకు వెళ్లే నాన్న, బాబాయితో సహా అందరూ ఇంట్లోనే ఉన్నారు. నాన్న చిటికెడు మేత వేశాడు. వెనకే బాబాయి చెయ్యి చాచాడు.

"నేను రోజూ ఏస్తన్నాను, ఇప్పుడూ ఏసినాను కదరా!"

"డ్యూటీ నుంచి రాగానే రోజూ నేనే ఏస్తన్నాను అన్నయ్యా."

"ఓరి నాయనా, మరి సైరన్ ఇనగానే నేనేటి ఏస్తన్నానురా?" అంది నాన్నమ్మ.

చేపలు తినగా మిగిలిందంతా నత్తలకే పోయేదన్నమాట. ఆ రోజు నుంచి మేత డబ్బా నాన్నమ్మ ఒక్కదాని చేతిలోనే ఉంది. నత్తలు తగ్గాయి, చేపలు మాకే మిగిలాయి.

నా లెక్క మరీ తప్పేం కాదు. సైరన్ మోగిన ప్రతిసారీ మా ఇంట్లో ఎవరో ఒకరు, బూట్లయినా విప్పకుండా, చేపలకు ఆకలేస్తోందేమోనని తొట్టి దగ్గరికే వెళ్లేవారు.