పటికతో అద్దిన పిట్ట

ఆ కార్టూన్‌లో వింత జంతువులకి లెక్కే ఉండేది కాదు. నిప్పులు కక్కేవి కొన్ని, నీళ్ళు చిమ్మేవి కొన్ని, తోక ఊపితే పిడుగులు పడేవి కొన్ని. పిల్లలు ఊరూరా తిరిగి గడ్డిలోంచి వాటిని పట్టుకోవడం, పెంచుకోవడం, ఒకదానితో ఒకటి పోటీకి దింపడం, అదీ కథ. మా వీధి పిల్లలందరూ నిప్పులు కక్కేవాటి వెంట పడితే, నేను మాత్రం అన్నిటిలోకీ పనికిమాలిన ఒక పిట్ట మీద మనసు పారేసుకున్నాను. గుప్పెడంత పిట్ట. బూడిద రంగు ఒళ్ళు, తెల్లటి పొట్ట, నడినెత్తిన మూడే మూడు ఈకలు, మొహంలో సగం కళ్ళే. దానికి పోట్లాట చేతకాదు. ఎదురుగా ఎంత పెద్ద జంతువు వచ్చి నిలబడినా కళ్ళు గట్టిగా మూసుకుని ఒక్క అరుపు అరిచేది, అంతే. పిట్ట కొంచెం కూత ఘనం అన్న సామెత దాన్ని చూసే పుట్టిందనుకునేదాన్ని.

అవి రెండు వేల సంవత్సరం దాటిన కొత్త రోజులు. మేము బందరులో ఉండేవాళ్ళం. నాన్న గిలకలదిండి హార్బరుకి ఐసు వ్యాను తోలేవాడు. మా ఇంట్లో టీవీ లేదు. సాయంత్రం పక్కింటి అత్తయ్యగారింట్లో చాప మీద కూర్చుని చూసేవాళ్ళం. మాటలన్నీ హిందీలో వచ్చేవి. మాలో ఎవరికీ ముక్క అర్థమయ్యేది కాదు. అయినా పిట్ట అరిస్తే అర్థం కాకపోవడం ఏముంటుంది?

వేసవి సెలవుల్లో గుడివాడలో పెద్దమ్మ ఇంటికి వెళ్తే, అక్కడ అన్నయ్య దగ్గర అదే కథ ఆటగా ఉండేది. కువైట్ నుంచి ఎవరో తెచ్చిచ్చిన, చేతిలో పట్టుకుని ఆడే ఆట. గడ్డిలో నడుస్తూ ఉంటే తెర ఒక్కసారి మెరిసి ఏదో ఒక జంతువు బయటికి దూకేది. చాలాసార్లు నా పిట్టే. "మళ్ళీ ఇదేనా! దండగమారి పిట్ట," అని అన్నయ్య మీట నొక్కి దాని ముందు నుంచి పారిపోయేవాడు. నాకు ఒళ్ళు మండేది. ఉండబట్టలేక ఒకసారి అడిగాను, దాన్ని ఎవరూ పట్టుకోకపోతే ఏమవుతుందని.

"ఏమవుద్ది? గడ్డిలోనే ఉంటది," అన్నాడు.

ఆ మాట నన్ను పట్టుకుంది. బస్సులో బందరు తిరిగి వస్తూ కిటికీలోంచి చేల గట్ల మీద గడ్డి చూస్తూనే ఉన్నాను. ఎక్కడో అక్కడ అది ఉంది, మనకి కనపడదు, అంతే అనుకున్నాను. పామర్రు దాటేసరికి నిద్ర పట్టేసింది. నిద్రలోనూ గడ్డి కదులుతూనే ఉంది.

మా తాతయ్య, అంటే నాన్న వాళ్ళ నాన్న, పెడన రోడ్డులో కాలవ పక్కనున్న అద్దకం షెడ్డులో పనిచేసేవాడు. టేకు చెక్క మీద చెక్కిన అచ్చుని రంగులో ముంచి, పరిచిన గుడ్డ మీద ఆనించి, పిడికిలితో దబ్బుమని ఒకటి గుద్దాలి. పక్కన ఇంకొకటి. దానికి అతుకు కనపడకుండా మరొకటి. నలభై ఏళ్ళు ఆ బల్ల దగ్గరే నిలబడ్డాడు తాతయ్య. పొద్దున్నే మొదటి అచ్చు వేసే ముందు కళ్ళు మూసుకుని చిన్న ప్రార్థన చేసుకునేవాడు. ఆయన చొక్కాలోంచి ఎప్పుడూ, అద్దకానికి ముందు గుడ్డలు నానబెట్టే కరక్కాయ వాసన వచ్చేది. నాకు ఇప్పటికీ ఆ వాసన వస్తే ఎవరో ఎత్తుకున్నట్టే ఉంటుంది.

ఆ ఏడాది షెడ్డులో ఒక గుసగుస మొదలైంది, తాతయ్యకి చూపు ఆనడం లేదని. ఒక దుప్పటి అంచు వంకరపోయిందట. షెడ్డు ఓనరుగారు నాన్న వయసువాడు, తాతయ్యని బాబాయ్ అని పిలిచేవాడు. "కనపడకపోతే చెప్పు బాబాయ్, ఇంట్లో కూర్చుందువు గాని," అన్నాడట మర్యాదగానే. తాతయ్యకి అంతకంటే పెద్ద తిట్టు లేదు. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని కూడా అదే మాట. "ఈ బందరులో నా అంత చూపున్నోడు ఎవడున్నాడమ్మా?" అని అమ్మని నిలదీశాడు. ఆ సాయంత్రం అరుగు మీద కూర్చుని అందరికీ వినపడేలా బైబిలు చదివాడు. చదివినవి ఎప్పుడూ చదివే ఆ నాలుగైదు కీర్తనలే. అవి ఆయనకి కంఠతా వచ్చని నాకు అప్పుడు తట్టలేదు.

నేను మాత్రం నా పిట్ట గొడవలో ఉన్నాను. అమ్మ వాళ్ళ తమ్ముడు, మా మావయ్య, పెడనలో అచ్చులు చెక్కేవాడు. నోటుబుక్కులో పిట్ట బొమ్మ గీసి పట్టుకెళ్ళి ఆయన ప్రాణం తీశాను. "నెమలి చెక్కాను, హంస చెక్కాను, ఇదేం పక్షే, పుట్టగానే దడుచుకున్నట్టుంది?" అని నవ్వి, మిగిలిన టేకు ముక్క మీద రెండు రోజుల్లో చెక్కిచ్చాడు. నా అరచేతిలో పట్టేంత అచ్చు. మూడు ఈకలు, ఇంత కన్ను.

ఇక్కడ పటిక సంగతి చెప్పాలి. అద్దకంలో నలుపు వేయగానే నల్లగా కనపడుతుంది. ఎరుపు అలా కాదు. ఎరుపు రావలసిన చోట పటిక నీళ్ళు కలిపిన జిగురు అద్దుతారు. గుడ్డ మీద అది లేత పచ్చగా, తడి మచ్చలా ఉంటుంది. పరీక్షగా చూస్తేనే తెలుస్తుంది. నాలుగు రోజులు ఆరనిచ్చి, కాలవలో జాడించి, రంగు కాగులో ఉడకబెడితే అప్పుడు పటిక పడిన చోటల్లా ఎర్రగా పైకి వస్తుంది. అంతవరకూ బొమ్మ గుడ్డలోనే దాక్కుని ఉంటుంది. గడ్డిలో పిట్ట ఉన్నట్టే కదా అనిపించింది నాకు. ఆ ఆలోచన వచ్చాక ఇక నిలవలేకపోయాను.

మధ్యాహ్నం అందరూ భోజనాలకి కాలవ గట్టుకి వెళ్ళారు. తాతయ్య బల్ల మీద ఒక దుప్పటి పరిచి ఉంది, నల్లటి తీగలు, నల్లటి పువ్వుల గీతలు. పువ్వుల్లో ఎరుపు నింపడానికి తాతయ్య పటిక అద్దాలి. నేను ముందే నా అచ్చుని పటికలో ముంచి తీగల మధ్య ఖాళీల్లో ఒక్కొక్క పిట్టనీ కూర్చోబెట్టాను. పదకొండు వేశాను. ఎవరో దగ్గితే కంగారులో మూల మీద ఇంకొకటి ఆనించబోయి, అది పడిందో లేదో కూడా చూసుకోకుండా అచ్చు గౌనులో దాచేశాను.

తాతయ్య వచ్చి పని మొదలుపెట్టాడు. నేను పక్కనే నిలబడ్డాను, ఇప్పుడు చూస్తాడు, ఇదిగో ఇప్పుడు, అని నవ్వు ఆపుకుంటూ. ఆయన చెయ్యి మొదటి పిట్ట పక్కనే దిగింది. దబ్. రెండో పిట్ట మీదుగా వెళ్ళింది. దబ్. తల ఎత్తలేదు, ఆగలేదు. అయిదో పిట్ట దగ్గరికొచ్చేసరికి నాకు అర్థమైంది. తాతయ్య చూశాడు! చూసీ చూడనట్టు నాతో ఆడుతున్నాడు! దొంగ తాతయ్య అనుకున్నాను. ఆ క్షణాన ఆయన మీద నాకు ఎంత ప్రేమ పొంగిందో చెప్పలేను. లోకంలో నా పిట్ట ఉన్నచోటు తెలిసిన మనుషులు ఇద్దరమే.

ఆ నాలుగు రోజులూ కలలో నడిచినట్టు తిరిగాను. తీగ మీద ఆరుతున్న దుప్పట్ల కింద పడుకుని పైకి చూస్తే ఎండ గుడ్డలోంచి పచ్చగా దిగేది. గాలికి దుప్పటి ఊగితే లోపల పిట్టలు సర్దుకుని కూర్చుంటున్నట్టు ఉండేది. తాతయ్య దాటి వెళ్తుంటే కన్ను గీటేదాన్ని. ఆయన తిరిగి గీటలేదు. గుట్టు బాగా దాస్తున్నాడని మెచ్చుకున్నాను.

అయిదో రోజు కాగులోంచి దుప్పటి కర్రతో పైకి తీశారు. పువ్వులు ఎర్రగా విరిశాయి. వాటి మధ్య కళ్ళు తెరుచుకుని నా పిట్టలు. పనివాళ్ళు పొట్ట పట్టుకుని నవ్వారు. ఓనరుగారు నవ్వలేదు.

"ఏంటి బాబాయ్ ఇది? ఇది నీ బల్ల మీది గుడ్డేగా?"

తాతయ్య దుప్పటి వైపు మొహం తిప్పాడు. "నా బల్ల మీద జరిగింది కాదు బాబూ. నా కళ్ళముందు పడితే నాకు కనపడదా? నేను అద్దినప్పుడు ఈ గుడ్డ మీద ఏమీ లేదు. మా తల్లి మీద ఒట్టు."

ఆయన తల్లి మీద ఒట్టేయడం నేను ఎప్పుడూ వినలేదు. నన్ను కాపాడటానికి ఇంత అబద్ధం ఆడుతున్నాడనుకున్నాను. ముందుకొచ్చి అనేశాను. "నేనే వేశానండీ! తాతయ్యకి తెలుసు. తాతయ్య అద్దకముందే వేశాను. ఒక్కొక్కటీ చూస్తూనే పక్కన అద్దాడు. కదా తాతయ్యా?"

కాగు కింద కట్టెలు చిటపటలాడటం వినపడింది. తాతయ్య చెయ్యి గాల్లో తడుముకుంటూ వచ్చి నా తల మీద ఆగింది.

"అవును బాబూ," అన్నాడు చివరికి. "చూశాను. పిల్లని కొడతారని నోరు మూసుకున్నాను. తప్పు నాదే."

ఓనరుగారు చెడామడా తిట్టాడు. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం అని పక్కవాళ్ళే సర్దిచెప్పారు. ఆఖరికి ఆ దుప్పటి తాతయ్య చేతిలో పడేసి, మీరే కప్పుకోండన్నాడు. బల్ల మాత్రం పోలేదు. మనవరాలిని గారం చేసే ముసలాయన్ని ఎవరైనా క్షమిస్తారు.

ఇంటికొచ్చాక ఇంకా వెలుగు ఉంది. అమ్మ వంటింట్లో ఉంది. తాతయ్య అరుగు మీద దుప్పటి పరిచి, దాని మీద చెయ్యి పెట్టి నెమ్మదిగా అడిగాడు. "ఏదీ, ఎక్కడుందే అది?"

పిట్ట ఆయన బొటనవేలు కిందే ఉంది.

"నీ చెయ్యి కిందే తాతయ్యా," అన్నాను. అన్నాక తెలిసింది. ఆ మధ్యాహ్నం ఆయన నాతో ఆడలేదు. ఒట్టు అబద్ధం కాదు. చూపు లేదని బయటపడకుండా చూశానన్నాడు, అదే అబద్ధం.

గుడ్డ మీద బొమ్మ తడిమితే తెలియదు. పరిగెత్తి అచ్చు తెచ్చి ఆయన చేతిలో పెట్టాను. బొటనవేలితో మెల్లగా చదువుకున్నాడు. "ఈ మూడు పుల్లలేంటి?"

"ఈకలు."

"ఇంత కన్నేంటే దీనికి?"

"బాగా కనపడ్డానికి," అని నోరు జారాను. ఆయన నవ్వాడు. తర్వాత, "మీ అమ్మకి చెప్పకమ్మా," అన్నాడు. "గుడ్డి కన్ను మూస్తేనేం, తెరిస్తేనేం గానీ, ఆ బల్ల లేకపోతే నేను లేను."

చెప్పలేదు. ఆ వేసవంతా బల్ల పక్కన నిలబడి ఆయనకి మాత్రం వినపడేలా చెప్పేదాన్ని. గోరంత ఎడమకి. కొంచెం పైకి. ఆఁ, ఇక గుద్దు. సెలవులు అయిపోతున్నకొద్దీ, నేను బడికెళ్తే ఎవరు చెబుతారా అని దిగులు పడేదాన్ని.

బడి తెరిచే ముందు ఆదివారం, చర్చి నుంచి నడిచొస్తుంటే అడిగాడు. "నీ పిట్టకి పోట్లాట రాదన్నావు కదా. మరి పెద్దదేదైనా ఎదురొస్తే ఏం చేస్తుంది?"

"కళ్ళు మూసుకుని గట్టిగా అరుస్తుంది."

"ఊఁ," అని ఇల్లు చేరేదాకా నా భుజం పట్టుకుని నడిచాడు. గడప దగ్గర ఆగి, నిజంగానే కళ్ళు మూసుకుని, "అమ్మాయ్! నాకు కనపడ్డం లేదు!" అని వీధంతా వినపడేలా అరిచాడు. అమ్మ గరిటెతో సహా బయటికొచ్చింది. "తెలుసండీ," అంది ఏడుస్తూ. "మీరెప్పుడు చెబుతారా అని చూస్తున్నాను."

ఆస్పత్రిలో శుక్లాలన్నారు. ముదిరిపోయాయి, ఒక కన్ను ఖాయంగా వస్తుంది, రెండోది చెప్పలేం అన్నారు. ఆపరేషనుకి భయపడే ఇన్నేళ్ళూ దాచాడని అప్పుడు బయటపడింది. బల్ల ఇంకొకరికి వెళ్ళింది. కట్టు విప్పిన నాడు నల్లద్దాలు పెట్టుకుని వచ్చి, మంచినీళ్ళయినా తాగకుండా నా పక్క మీది దుప్పటి తెమ్మన్నాడు. దాన్ని ఎండలో పరిచి, ఒంటి కన్నుతో వంగి, ఒక్కొక్కదాని మీదా వేలు పెడుతూ లెక్కపెట్టాడు.

"పన్నెండు."

"పదకొండే తాతయ్యా. వేసినదాన్ని నాకు తెలీదా?"

నా వేలు పట్టుకుని మూలకి తీసుకెళ్ళాడు. అక్కడ ఆయన అద్దిన ఎర్ర పువ్వు. పువ్వు వెనక నుంచి మూడు ఈకలు, ఒక కన్ను తొంగిచూస్తున్నాయి. నెలల తరబడి కప్పుకుని పడుకున్నా నాకది కనపడలేదు.

"నువ్వు వేశావు, నేను కప్పేశాను," అన్నాడు. నాకు ఏడుపు తన్నుకొచ్చింది. తాతయ్య నల్లద్దాలు పైకి నెట్టి నా మొహంలోకి చాలాసేపు చూశాడు, ఎన్నాళ్ళకో చూసినట్టు.

"రేపు నిన్ను కూడా చూపిద్దాంలే డాక్టరుగారికి," అన్నాడు.