అలారం గారి ఎడమ చెయ్యి

తరవాతి రోజుల్లో చిట్టి కుట్టిన కోటు కోసం పెద్దపెద్దవాళ్ళు వీధి చివరిదాకా వరసలో నిలబడేవారు. బట్టలు ఒంటిని కప్పడానికే కాదు, చూపించుకోవడానికి కూడానని ఆ ఊరికి నేర్పింది ఆమేనంటారు. అలాంటి మనిషి పని మొదలుపెట్టింది మాత్రం ఒక గడియారాల కొట్టులో, అదీ సగంలో. కిటికీ పక్కన కుట్టుమిషను ఆమెది. గోడ పక్కన అద్దాల బల్ల మేనమామది.

మామయ్య చేతిగడియారాలు బాగుచేసేవాడు. వాటిలోని మరలు ఎంత చిన్నవంటే, ఒకసారి ఒక చీమ ఒక మరను మోసుకుపోయి, తీరా పుట్టలో దింపి చూసుకుంటే తనేం తెచ్చిందో తనకే కనబడలేదట. ఈ సంగతి మామయ్యే చెప్పేవాడు, పెదవి కదలకుండా.

చిట్టి మిషను తొక్కితే నేల అదిరేది. నేల అదిరితే బల్ల అదిరేది, బల్ల అదిరితే మరలు చిందులేసేవి. అందుకని ఆ కొట్టులో ఒక కట్టుబాటు ఉండేది. మామయ్య కంటికి భూతద్దం తగిలించుకోగానే చిట్టి కాళ్ళు పక్కకు తీసేయాలి. అద్దం దింపాకే మళ్ళీ తొక్కాలి. ఒక్కోసారి పొద్దున ఎక్కిన అద్దం మధ్యాహ్నం దాకా దిగేది కాదు. ఊరికే కూర్చోవడం చేతగాని చిట్టి, ఆ ఖాళీలో గుడ్డను కొయ్యబొమ్మ భుజం మీద వేసి, గుండుసూదులు గుచ్చి, అది ఎటు జారుతోందో, ఎక్కడ ఒదుగుతోందో చూస్తూ ఉండేది. సుద్దతో గీతలు గీసి కోయడం పోయి, చూసి కోయడం అలా అబ్బింది.

"కొలత లేకుండా కోసేది జుట్టొక్కటే అనుకున్నా ఇన్నాళ్ళూ," అనేవాడు మామయ్య.

"నీ గడియారాలకి కొలతలన్నీ ఉన్నాయిగా మామయ్యా, అయినా ఆలస్యంగానే నడుస్తాయేం?"

"నీలాగా పొద్దెక్కి లేస్తాయి, మేనకోడలి పోలిక."

ఆ కొట్టుకు ఇంకో అలవాటు ఉండేది. గడప దాటిన ప్రతివాళ్ళూ, తామెందుకొచ్చామో మర్చిపోయి, చేతిగడియారం విప్పి మామయ్య బల్ల మీద పెట్టేసేవారు. జిప్పు మార్పించుకోవడానికి వచ్చినవాళ్ళూ అంతే. మామయ్య కాదనకుండా తుడిచి ఇచ్చేవాడు.

ఒకరోజు చిట్టి ఏదో ధ్యాసలో ఉండి, మామయ్య అద్దం పెట్టుకోవడం చూడకుండా మిషను తొక్కింది. సన్నని చక్రమొకటి ఎగిరి నేల పలకల సందులోకి పోయింది. ఇద్దరూ మోకాళ్ళ మీద పాకి వెతికారు. దొరకలేదు. మామయ్య కేకలెయ్యలేదు. చిట్టికి అసలు భయం వేసింది అందుకే.

"ఇక ఇద్దరికీ ఒకేచోట కుదరదమ్మా. చేతిలో ఉన్న కోటు పూర్తిచెయ్యి. తరవాత మిషను ఇంటికి పంపించేద్దాం," అన్నాడు.

ఇల్లంటే నాలుగో అంతస్తు. అన్ని మెట్లెక్కి ఎవరొస్తారు? వీధివైపు కిటికీలో కొయ్యబొమ్మ నిలబడబట్టే దారినపోయేవాళ్ళు ఆగి చూస్తున్నారు. ఆ కిటికీ పోతే తను మళ్ళీ ఇరుగుపొరుగు చినుగులు కుట్టిపెట్టే పిల్లే.

అప్పుడు చేతిలో ఉన్న కోటు అలారం గారిది. అరుదైన గడియారాలు పోగెయ్యడం ఆయన పిచ్చి. నడిచొస్తుంటే ఏదో ఒక జేబులోంచి గణగణమని మోగేది కాబట్టి వీధి వీధంతా ఆయన్ని అలాగే పిలిచేది. అన్నిట్లోకీ ఆయన ప్రాణం ఒక పాత చేతిగడియారం. అలాంటివి లోకం మొత్తమ్మీద వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినన్నే ఉన్నాయట. టైముతో పాటు చంద్రుడు పెరగడం, తరగడం కూడా చూపిస్తుంది. ఎప్పుడైనా తేడా వస్తే చంద్రుడే సర్దుకుంటాడని అలారం గారి నమ్మకం.

ఆ సాయంత్రం తనలాంటి గడియారాలవాళ్ళంతా చేరే విందుకు ఆ కోటు వేసుకుని, ఆ గడియారం పెట్టుకుని వెళ్ళాలని ఆయన ఉబలాటం. మధ్యాహ్నం వచ్చి కోటు తొడుక్కున్నారు. భుజాల మీద నీళ్ళు పోసినట్టు ఒదిగింది. ఆయన మురిసిపోయి, బల్ల మీద పెట్టిన గడియారం తీసి చేతికి కట్టుకుని, చేతి చివరి కఫ్ బొత్తాం పెట్టబోయారు. పట్టలేదు. గడియారం అంత మందం. బలవంతాన లాగితే మొత్తం కఫ్ లోపల దాక్కుంది.

"అమ్మాయ్, ఇది లోపలుంటే నేను వెళ్ళడమెందుకు? ఇంట్లో కూర్చుని టైము చూసుకోలేనా?"

చిట్టికి అప్పుడు తట్టింది. ఆ కొట్టులో తను ఇన్నాళ్ళూ కొలిచినవన్నీ బోసి చేతులే. గడియారం ఉన్న మణికట్టును ఒక్కసారి కూడా కొలవలేదు.

మిషను వైపు చూసింది. మామయ్య కంటికి అద్దం ఉంది, ఎదురుగా ఎవరిదో గడియారం విప్పి ఉంది.

"దింపమంటావా?" అన్నాడు మామయ్య తల ఎత్తకుండానే.

"వద్దు మామయ్యా."

ఆయన్ని వెలుతురులో నిలబెట్టి, టైము చూస్తున్నట్టు చెయ్యి మడవమంది. గుడ్డ ఎక్కడ అడ్డుపడుతోందో కాసేపు చూసింది. తరవాత కోటు ఒంటి మీద ఉండగానే కత్తెర తీసింది. అలారం గారు కళ్ళు గట్టిగా మూసుకున్నారు.

"చెయ్యి తెగినా ఫరవాలేదు తల్లీ, గడియారం అద్దం మీద గీత పడకూడదు."

కత్తెర ఎడమ కఫ్ పైభాగాన్ని నెలవంకలా కోసుకుంటూ పోయింది. గడియారం మొహం ఆ వంపులోంచి తొంగిచూసింది. చిట్టి అంచు లోపలికి మడిచి, పట్టుదారంతో చేత్తోనే కుట్టింది.

"రెండో చేతికి కొయ్యవా?" అన్నాడు మామయ్య.

"ఆ చేతికి గడియారం లేదుగా."

"ఒక చెయ్యి ఒకలా, ఒకటి ఇంకోలా. జనం నవ్వరూ?"

"నవ్వితే నవ్వనీ. మిషను ఎలాగూ మెట్లెక్కుతోందిగా మామయ్యా."

మర్నాడు కొట్టు తలుపు సగం తెరిచేసరికే అలారం గారు గుమ్మంలో ఉన్నారు, మొహం గంటు పెట్టుకుని. మిషను అప్పటికే మోకుతో కట్టి మోతకు సిద్ధంగా ఉంది.

"నీ కోటు నా పరువు తీసిందమ్మాయ్."

చిట్టి చెయ్యి కత్తెర మీదికి పోయింది.

"రాత్రి ఒక్కడంటే ఒక్కడు గడియారం చూశాడా? నా చెయ్యి పట్టుకుని తిప్పితిప్పి చూశారు. ఎందుకూ, కఫ్ కోసం. చంద్రుడి సంగతి చెప్పబోతే, అది తరవాత, ముందు దర్జీ ఎవరో చెప్పమన్నారు."

"మరైతే మార్చెయ్యనా?"

"ముట్టుకున్నావంటే ఊరుకోను. వాళ్ళంతా నీ దగ్గరికే వస్తారు. గడియారాలతో వస్తారు, విప్పమనకు." వెళ్తూ వెళ్తూ మామయ్య వైపు తిరిగారు. "మీరు కూడా విప్పించకండి."

మామయ్య భూతద్దాన్ని చాలాసేపు తుడిచాడు, అంత మురికి దాని మీద లేకపోయినా.

"వచ్చినవాళ్ళందరి చేతులూ నేనే బోసిచేసి నీ దగ్గరికి పంపిస్తే, కఫ్ చాలదని నీకు మాత్రం ఎలా తెలుస్తుందిలే," అన్నాడు. ఆ తరవాత వంగి బల్ల కాళ్ళకేసి చూశాడు. "నీకు గుడ్డముక్కలు మిగులుతాయిగా. ఈ కాళ్ళ కిందికి దళసరిగా మెత్తలు కుట్టు. అదురు తగ్గుతుందేమో చూద్దాం."

చిట్టి గబగబా టేపు అందుకుంది.

"టేపెందుకూ, చూసి కొయ్యి," అని, భూతద్దం మేకుకి తగిలించి, మామయ్య మిషనుకి కట్టిన మోకు విప్పడం మొదలుపెట్టాడు.