అడ్డకాలువలు పూడ్చిన చెయ్యి

చెకింగాయన రిటైరై మూడేళ్లయినా చెకింగు మాత్రం ఆయన్ని వదల్లేదు. ముప్పై ఏళ్లు బస్సుల్లో టిక్కెట్లు తనిఖీ చేసిన మనిషి. కిటికీలోంచి బయటికి చూస్తున్నవాడి దగ్గర టిక్కెట్టు ఉండదని ఆయన సిద్ధాంతం. పక్కింటావిడ నవ్వుతూ పలకరించినా, మనతో ఏం పని పడిందోనని భార్యని ఆరా తీసేవాడు.

అలాంటాయన, వారానికో రోజు కొంతమంది పారలూ గునపాలూ పట్టుకెళ్లి ఊరి వెనక కొండమీదికి ఉచితంగా నడకబాట వేస్తున్నారని విని ఊరుకుంటాడా? నిప్పు లేనిదే పొగ రాదు, గుట్టేమిటో పట్టుకుందామని తనూ వెళ్లి చేరాడు. జట్టుకి పెద్ద ఒక నర్సమ్మ. ఆవిడ ఏమీ అడక్కుండా చేతికి పార ఇచ్చింది. ఏడాది గడిచింది. గుట్టేమీ దొరకలేదు గానీ అరచేతులు కాయలు కాచాయి. పైకి ఒప్పుకోడు గానీ, ఇప్పుడా బాటంటే ఆయనకి ప్రాణం.

వానలు పది రోజుల్లో ఉన్నాయనగా గొడవ మొదలైంది. వాననీళ్లు బాటని కోసెయ్యకుండా పక్కకి పోవడానికి అడ్డంగా జానెడు లోతు కాలువలు తవ్వుతారు. పై మలుపులో ఆయన తవ్విన మూడింటినీ ఎవరో పూడ్చేశారు. మళ్లీ తవ్వాడు. మళ్లీ పూడ్చారు, అదీ మట్టి తడిపి, చేత్తో అణిచి మరీ. ఇలా ఉండగా వాన పడిందంటే మలుపంతా లోయలోకి జారిపోతుంది.

మొదట కొండమీద మేకలు కాసే ఆయన మీద అనుమానపడ్డాడు. తర్వాత, తను పేర్చిన రాళ్లు వంకరన్న జట్టులోని డ్రాయింగు మాస్టారి మీద. చివరికి నర్సమ్మ మీద కూడా. అందరినీ కూర్చోబెట్టి, పూడ్చింది ఎవరైనా సరే జట్టులోంచి పోవాల్సిందేనని నియమం పెట్టించాడు. గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకోకపోతాడా అని ఒక్కొక్కరినే చూశాడు. ఎవరూ తడుముకోలేదు. దాంతో అనుమానం ఇంకా పెరిగింది.

మర్నాడు పొద్దున్నే, రోజూలాగే డిపో దగ్గర స్నేహితుల్ని చూసొస్తానని భార్యతో చెప్పి, కొండెక్కి పొద వెనక కళ్లలో వత్తులు వేసుకుని కూర్చున్నాడు. కాసేపటికి ఒకామె వచ్చింది. అడుగు వేసేముందు పాదంతో నేల తడుముతోంది. కాలువ దగ్గర కూర్చుని, సంచిలోంచి గరిటె తీసి మట్టి పొయ్యసాగింది. దొరికావులే అనుకుంటూ ఆయన ఒక్క ఊపున దిగాడు. గరిటె తనింటిది. మనిషి తన భార్య.

ఆవిడ తలెత్తి, నాలుగడుగుల దూరంలో ఉన్న మొగుణ్ణి చూసి, "ఎవరండీ? మొత్తం పూడ్చనులెండి, కాలు పెట్టేంత మేరే," అంది.

"నేనే," అన్నాడు.

ఆవిడ గరిటె సంచిలో పెట్టేసింది. ఆర్నెల్లుగా చూపు మసగ్గా ఉందనీ, కాలువ అంచులు కనబడక ఇక్కడ రెండుసార్లు పడ్డాననీ చెప్పింది. మరి ఎందుకు రావడమని అడిగాడు.

"మీరు వేసిన బాట కదా. మీరెప్పుడూ రమ్మనలేదు."

"చూపు సంగతి నాకు చెప్పొచ్చుగా."

"చెబితే నమ్ముతారా? వేళ్లు చూపించి ఎన్నో చెప్పమంటారు."

అప్పటికే ఆయన కుడిచెయ్యి సగం లేచి ఉంది. సిగ్గుతో చచ్చిపోయి దాన్ని దించేశాడు.

తర్వాత నాలుగు రోజులు ఒక్కడే పలకరాళ్లు మోసి కాలువల మీద కప్పాడు. నీళ్లు కిందనుంచి పోతాయి, మనుషులు పైనుంచి పోతారు. జట్టు వచ్చినప్పుడు దొంగ దొరికాడా అని నర్సమ్మ అడిగింది. భార్య కళ్ల సంగతి నలుగురి నోళ్లలో పడటం ఆయనకి ఇష్టం లేదు.

"నేనే పూడ్చాను. నియమం నియమమే," అని పార ఆవిడ చేతిలో పెట్టేశాడు.

ఎందుకని ఎవరూ అడగలేదు. డ్రాయింగు మాస్టారు మాత్రం తాపీగా, "మాకు మొదట్నుంచీ మీమీదే అనుమానం," అన్నాడు.

ఆ మాట ఆయనకి గుండెల్లో గుచ్చుకుంది. ఏడ్పొచ్చినంత పనైంది. అయినా కొండ దిగి ఇంటిదారి పట్టాడు. ఇంటి దగ్గర, కళ్ల డాక్టరు దగ్గరికి వెళ్దామని భార్య తయారై కూర్చుని ఉంది.